సూర్యుడి పేరు పెట్టుకున్న చలిదేశపు ద్రాక్ష

తెలుగు కవిత్వాన్ని రుచి చూసేవాళ్లు మూడు పాకాల మాట చెబుతారు. నోట్లో వేసుకోగానే కరిగిపోయేది ద్రాక్షాపాకం. తొక్క ఒలిస్తే అందేది కదళీపాకం. పీచు తీసి, టెంక పగలగొడితే గాని దొరకనిది నారికేళపాకం. ఈ మూడింట్లో రెండు గోదావరి డెల్టా సొంతం. రావులపాలెం వెళితే అరటి గెలలు, అంబాజీపేట వెళితే కొబ్బరి రాశులు. మూడోది మాత్రం ఈ నేలలో పంటగా కనిపించదు. ద్రాక్షారామం అన్న పేరులో ద్రాక్ష వినిపిస్తుంది గాని, అది దక్షుడి ఆరామం, దక్షారామం అన్నదే వాడుకలో అలా మారిందని చెబుతారు.

నీళ్లకు కొదవ లేదు, ఒండ్రు మట్టి ఉంది, ఎండ ఉంది, సాగు తెలిసిన రైతు ఉన్నాడు. మరి ద్రాక్ష ఎందుకు లేదు? దీనికి జవాబు డెల్టాలో కంటే, ఎండే సరిగా లేని దేశాల్లో పెరిగే ఒక ద్రాక్షలో తేలిగ్గా దొరుకుతుంది. దాని పేరు సొలారిస్. లాటిన్‌లో సూర్యుడికి సంబంధించినది అని అర్థం. సూర్యుడు తక్కువగా దొరికే చోట్ల బాగా పండేదే ఈ పేరు పెట్టుకుంది.

సొలారిస్ తెల్ల వైన్ ద్రాక్ష. మన దగ్గర వైన్ షాపు అంటే అన్ని రకాల మందూ అమ్మే దుకాణం కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఇక్కడ వైన్ అంటే ద్రాక్ష రసాన్ని పులియబెట్టి తీసినది మాత్రమే. బైబిల్ తెలుగులో ద్రాక్షారసం అన్నది అదే. 1975లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ ద్రాక్ష పరిశోధన సంస్థలో నోర్బర్ట్ బెకర్ ఈ రకాన్ని సంకరణం చేశాడు. రకం హక్కులు వచ్చేసరికి 2001 అయింది. ఒక ద్రాక్ష రకం గింజ నుంచి తోట దాకా రావడానికి పాతికేళ్లు పట్టడం ఆ రంగంలో మామూలు సంగతి. ఇప్పుడు డెన్మార్క్, స్వీడన్, ఇంగ్లండ్, పోలండ్ తోటల్లో సొలారిస్ కనిపిస్తుంది. నార్వేలో కూడా వేశారు. ద్రాక్ష అనే మాటే ఊహించని అక్షాంశాల్లో అది గుత్తులు వేస్తోంది.

దాని గొప్పతనమంతా ఒక్క మాటలో చెప్పాలంటే, కాలపరిమితి. ఈ మాట డెల్టా రైతుకు వేరే విడమర్చి చెప్పక్కర్లేదు. సార్వాలో 150 రోజుల స్వర్ణ వేసే రైతు దాళ్వాలో దాన్ని వేయడు. దాళ్వాకు 120 రోజుల్లో కోతకొచ్చే ఎంటీయూ 1010, అంటే కాటన్ దొర సన్నాల్లాంటిది కావాలి. ఎందుకంటే ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీళ్లు ఎల్లకాలం రావు. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. ఆ లోపు గింజ పాలు పోసుకుని గట్టిపడాలి. నారు పోయడం పది రోజులు లేటైతే ఆ ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. విత్తనం సంచి మీద రైతు మొదట చూసేది దిగుబడి అంకె కాదు, రోజుల అంకె.

యూరప్ ఉత్తరాన ద్రాక్ష రైతుకు కాలువ కట్టివేతలాంటిది శరదృతువు మంచు. ఏప్రిల్, మే నెలల్లో చిగురు వేసిన తీగ అక్టోబరు చలి ముదిరేలోపు కాయను పండించాలి. జర్మనీకి పేరు తెచ్చిన రీస్లింగ్ ద్రాక్ష గొప్పదే, కానీ నిదానం. అక్టోబరు దాకా తీగ మీదే ఉంటుంది. ఎండలు బాగున్న ఏడు అమృతం, లేని ఏడు పుల్లటి నీళ్లు. ఈ నిదానాన్ని తగ్గించాలనే ప్రయత్నం 1882లోనే మొదలైంది. జర్మనీలోని గైసెన్‌హైమ్‌లో పనిచేసిన స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్, రీస్లింగ్ రుచిని తొందరగా పండే మరో రకంతో కలిపి ముల్లర్-తుర్గావ్ అనే ద్రాక్షను తీశాడు. తండ్రి రకం సిల్వానర్ అనుకున్నారు. వందేళ్లు దాటాక డీఎన్ఏ పరీక్ష చేస్తే అది మడలీన్ రాయల్ అని తేలింది. తండ్రి ఎవరో తప్పు రాసుకున్నా, అడిగిన పని మాత్రం జరిగింది: తొందరగా పండింది, విరగకాసింది, జర్మనీ అంతా పాకింది. సొలారిస్ ఆ దారిలోనే ఇంకా ముందుకు వెళ్లిన రకం. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో కోతకొస్తుంది, అదీ నిండా చక్కెరతో.

ఇప్పుడు అదే తీగను అమలాపురం దగ్గర నాటితే ఏమవుతుంది? ఒక చిన్న లెక్క చేస్తే సగం జవాబు దొరుకుతుంది. ద్రాక్షకు పది డిగ్రీల కంటే తక్కువ వేడిలో ఎదుగుదల దాదాపు ఉండదు. అందుకని రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి పది తీసేసి, మిగిలినదాన్ని రోజు రోజుకీ కూడుతూ పోతారు. కాలిఫోర్నియాలో 1940లలో ఖాయమైన ఈ పద్ధతి ప్రకారం, ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏడు నెలల్లో ఆ మొత్తం 1,390 దాటని చోటు మొదటి తరగతి చలి ప్రాంతం. డెల్టా సగటు 28 డిగ్రీలు అనుకుందాం. రోజుకు 18 చొప్పున 1,390 చేరడానికి 78 రోజులు చాలు. చలిదేశం ఏడు నెలలు కూడబెట్టే వేడి ఇక్కడ రెండున్నర నెలల్లో వచ్చిపడుతుంది. తొందరగా పండడం కోసమే పుట్టిన తీగకు, తొందరపెట్టే వాతావరణం తోడైతే ఫలితం మంచిది కాదు.

కాయలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. పచ్చి ద్రాక్షలో ముఖ్యంగా రెండు పులుపులు ఉంటాయి. ఒకటి టార్టారిక్ ఆమ్లం, మన చింతపండు పులుపు అదే. రెండోది మాలిక్ ఆమ్లం, యాపిల్ కొరికితే నాలుక మీద తగిలేది. కాయ రంగు మారి మెత్తబడే దశ నుంచి తీగ చక్కెరను కాయలోకి పంపుతుంటుంది, కాయేమో మాలిక్ ఆమ్లాన్ని ఊపిరి కోసం ఖర్చు పెట్టుకుంటుంది. ఈ ఖర్చు వేడిని బట్టి పెరుగుతుంది. స్వీడన్‌లో సెప్టెంబరు రాత్రి చల్లగా ఉంటుంది కాబట్టి ఖర్చు తక్కువ. చక్కెర నిండేసరికి పులుపు ఇంకా మిగిలే ఉంటుంది. తెల్ల వైన్‌కు ప్రాణం ఆ మిగిలిన పులుపే. మే నెలలో అర్ధరాత్రి కూడా చెమట ఆరని డెల్టాలో కాయకు ఊపిరి సలపదు. రాత్రంతా మాలిక్ ఆమ్లం తగలబడుతూనే ఉంటుంది. తెల్లారేసరికి చక్కెర ఉంది, పులుపు పోయింది, వాసనలు ఇంకా పుట్టనేలేదు. పైకి చూస్తే పండు. రసం తీస్తే చక్కెర నీళ్లకు దగ్గర.

వేడి తోటతో ఆగదు. తెల్లవారుజామున దించిన తాటికల్లు మధ్యాహ్నానికి ఎలా మారిపోతుందో ఇక్కడ అందరికీ తెలుసు. పొద్దున తియ్యగా ఉన్నది ఎండెక్కేసరికి పులిసి, ఘాటెక్కి, సాయంత్రానికి పుల్లబారిపోతుంది. పులియబెట్టే సూక్ష్మజీవులకు వేడి తగిలితే అంతే. తెల్ల వైన్ చేసేవాళ్లు అందుకే రసాన్ని సుమారు 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంచి, నెమ్మదిగా వారాల తరబడి పులియనిస్తారు. పూలు, పండ్ల వాసన ఆ నెమ్మదిలోనే నిలుస్తుంది.

అయితే భారతదేశంలో వైన్ ద్రాక్ష పండడం లేదా అంటే, బాగానే పండుతోంది. విచిత్రంగా, అదీ గోదావరి ఒడ్డునే. 1,465 కిలోమీటర్ల ఈ నది పుట్టేది త్ర్యంబకేశ్వరంలో, నాసిక్ పక్కన. దేశంలో వైన్ అనగానే మొదట గుర్తొచ్చే ఊరు నాసిక్. అక్కడ సోవిన్యోన్ బ్లాంక్, షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షలు తోటలకు తోటలు ఉన్నాయి. నదికి ఆ చివర ద్రాక్ష, ఈ చివర కొబ్బరి. ఒకే నది నీళ్లు తాగే రెండు నేలలు ఇంత వేరుగా ఉండడానికి కారణం ఎత్తు. నాసిక్ సముద్ర మట్టానికి సుమారు 600 మీటర్ల పైన ఉంది. చలికాలం రాత్రులు పది డిగ్రీల దరిదాపుల్లోకి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. గాలి పొడిగా ఉంటుంది.

అక్కడి రైతు క్యాలెండర్‌ను తలకిందులు చేశాడు. వేడి దేశంలో ద్రాక్ష తీగ యూరప్‌లోలాగా ఆకు రాల్చి నిద్రపోదు. కాబట్టి నిద్ర లేపే పని కత్తెరది. ఏప్రిల్‌లో ఒకసారి కత్తిరించి కొమ్మలు తయారు చేసుకుంటారు. అక్టోబరులో రెండోసారి కత్తిరించి కాపుకు వదులుతారు. కాయ ఊరేది, పండేది డిసెంబరు నుంచి మార్చి మధ్య, అంటే ఏడాదిలో చల్లటి రోజుల్లో. యూరప్‌లో వేసవి చేసే పనిని నాసిక్‌లో చలికాలం చేస్తుంది. వేడి దేశంలో ద్రాక్ష సాగుకు ఇంతకంటే తెలివైన ఉపాయం మరొకటి లేదనిపిస్తుంది.

ఈ ఉపాయాన్ని డెల్టాకు తెచ్చుకుంటే? అక్టోబరులో కత్తిరించిన తీగ నవంబరులో పూతకొస్తుంది. కోనసీమలో నవంబరు అంటే ఏమిటో 1996 చూసినవాళ్లు మరచిపోరు. ఆ నెల 6వ తేదీ రాత్రి వచ్చిన తుఫానుకు కొబ్బరి చెట్లే వేళ్లతో సహా లేచిపోయాయి. ప్రతి ఏడూ అంత ఘోరం జరగకపోయినా, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం, ముసురు ఇక్కడ మామూలే. కోతకొచ్చిన సార్వా చేను నేలకొరిగి, పనలు నీళ్లలో నాని మొలకెత్తేది ఆ రోజుల్లోనే. ద్రాక్ష పూతకు కావాల్సింది పొడి గాలి, ఎండ. రెండు రోజుల ముసురు చాలు పూత రాలడానికి, మిగిలిన ఆకుల మీద బూజు తెగులు దిగడానికి.

బూజు తెగులు దగ్గరే సొలారిస్ కథ డెల్టాకు బాగా దగ్గరవుతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా నుంచి తెచ్చిన ద్రాక్ష మొక్కలతో పాటు యూరప్‌కు వరసగా ఉపద్రవాలు దిగాయి. బూడిద తెగులు, వేళ్లను తినే ఫిలాక్సెరా పురుగు, తర్వాత 1878లో ఫ్రాన్స్‌లో బూజు తెగులు. బోర్డో ప్రాంతంలో బాట పక్కన తోటలున్న రైతులు, దారిన పోయేవాళ్లు పళ్లు కోసుకోకుండా మైలుతుత్తం, సున్నం కలిపి తీగల మీద చల్లేవాళ్లు. నీలంగా, విషంలా కనిపిస్తే ఎవరూ ముట్టరని. 1882లో పియరీ మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త ఒక సంగతి గమనించాడు: బాట పక్క తీగలకు ఆకులున్నాయి, లోపలి తీగలకు లేవు. పరీక్షలు చేసి 1885లో ఆ మందును లోకానికి చెప్పాడు. ఊరి పేరుతోనే అది బోర్డో మిశ్రమం అయింది.

కోనసీమలో కొబ్బరి మొవ్వుకుళ్లుకు రైతు కలిపే మందు అదే. తమలపాకు తోటలకూ అదే. ఒక కిలో మైలుతుత్తం కొన్ని లీటర్ల నీళ్లలో విడిగా, ఒక కిలో సున్నం మరో పాత్రలో విడిగా కలిపి, తర్వాత రెండూ కలిపి మొత్తం వంద లీటర్లు చేస్తారు. ఇనుప బకెట్టు వాడకూడదు. ప్లాస్టిక్ డ్రమ్మో మట్టి తొట్టో కావాలి. చివర్లో సానపెట్టిన చాకును కాసేపు ముంచి తీస్తారు. బ్లేడు మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదని అర్థం, ఇంకాస్త పోస్తారు. చాకు తెల్లగా వస్తే మందు సిద్ధం. ఫ్రాన్స్ ద్రాక్ష ఆకుకు, కోనసీమ కొబ్బరి మొవ్వుకు మందు ఒకటే కావడం కాకతాళీయం కాదు. ద్రాక్ష బూజు తెగులును తెచ్చే జీవి, కొబ్బరి మొవ్వును కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా ఒకే వర్గపు బంధువులు. రెండూ నీటిచుక్కలో ఈదే బీజాలతో వ్యాపిస్తాయి. అందుకే రెండింటికీ తడి అంటే ప్రాణం, రాగి అంటే చావు.

కానీ రాగి మట్టిలో కరిగి మాయమైపోదు. ఏళ్ల తరబడి పేరుకుంటుంది, వానపాములకు చేటు చేస్తుంది. ఐరోపా యూనియన్ 2019 నుంచి హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించకూడదని హద్దు పెట్టింది. మందు తగ్గించాలంటే తీగకే ఓపిక ఉండాలి. ఆ ఓపిక యూరప్ ద్రాక్షలో లేదు, అడవి బంధువుల్లో ఉంది. చైనా, రష్యా సరిహద్దున అమూర్ నది లోయలో పెరిగే అడవి ద్రాక్ష మైనస్ నలభై చలిని తట్టుకుంటుంది. బూజు తెగులునూ తట్టుకుంటుంది. రుచి మాత్రం వైన్‌కు పనికిరాదు. రష్యాలో దాని నుంచి జర్యా సేవెరా, అంటే ఉత్తరపు వేకువ, అనే రకం తీశారు. దాన్ని మస్కట్ ఒట్టొనెల్ అనే ద్రాక్షతో కలిపారు. ఆ పిల్లను, రీస్లింగ్ రక్తమున్న మెర్‌జ్‌లింగ్ అనే మరో రకంతో కలిపితే వచ్చిందే సొలారిస్. అమూర్ నుంచి వచ్చిన నిరోధక జన్యువును శాస్త్రవేత్తలు ఆర్‌పీవీ 10 అని గుర్తించారు. మామూలు రకాలకు సీజనులో పది, పన్నెండు సార్లు మందు కొట్టే చోట, ఇలాంటి రకాలకు రెండు మూడు సార్లతో సరిపెట్టే తోటలున్నాయి.

ఈ కథ డెల్టా ఇప్పటికే ఒకసారి వరిలో చూసింది. 1925లో పెట్టిన మార్టేరు పరిశోధన స్థానం నుంచి 1982లో స్వర్ణ, అదే ఎంటీయూ 7029, వచ్చింది. దిగుబడిలో దానికి సాటి లేక ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పోయింది. దానికున్న ఇబ్బంది వరద. పూర్తిగా మునిగి వారం దాటితే చేను కుళ్లిపోతుంది. ఒడిశా రైతుల పాత వంగడం ఒకటి, ఎఫ్ఆర్ 13ఏ, రెండు వారాలు మునిగినా బతుకుతుంది. దిగుబడి మాత్రం తక్కువ. మునిగినప్పుడు మామూలు వరి పైకి సాగుతూ ఉన్న శక్తినంతా ఖర్చు చేసుకుంటే, ఆ పాత వంగడం ఎదుగుదల ఆపేసి ఊపిరి బిగపట్టుకుంటుంది. ఆ పని చేయించే జన్యువును స్వర్ణలోకి తెచ్చి, పదేపదే స్వర్ణతోనే సంకరణం చేసి, 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. గింజ స్వర్ణదే, ఓపిక ఒడిశాది. సొలారిస్‌లో అమూర్ ద్రాక్ష చేసినదీ ఇదే. తేడా ఏమిటంటే, వరిలో తరం మూడు నాలుగు నెలలు, ద్రాక్షలో తరం మూడు నాలుగేళ్లు. బెకర్ ప్రయోగానికి అన్నేళ్లు ఎందుకు పట్టిందో ఇక్కడ తెలుస్తుంది.

నిరోధకత శాశ్వతం కాదన్నదీ వరి నేర్పిన పాఠమే. సుడిదోమను తట్టుకుంటుందని 1973లో వచ్చిన ఐఆర్ 26 అనే వరి కొద్ది ఏళ్లలోనే కొత్త తరం దోమకు ఓడిపోయింది. ఆర్‌పీవీ 10ను దాటగల బూజు తెగులు రూపాలు యూరప్‌లో ఇప్పటికే కనబడ్డాయి. అందుకే కొత్త సంకరణాల్లో ఒక్క జన్యువు మీద ఆధారపడకుండా రెండు మూడు కలిపి పెడుతున్నారు.

సొలారిస్‌కు సొంత చిక్కులూ ఉన్నాయి. తొందరగా పండేది తొందరగానే చిగురిస్తుంది, వసంతపు మంచు ఆ చిగురును కాల్చేస్తుంది. మిగతా తోటల్లో కాయ ఇంకా పచ్చిగా ఉండగా దీంట్లో తీపి నిండుతుంది కాబట్టి ఊళ్లోని కందిరీగలు, పిట్టలన్నీ దీని మీదే వాలతాయి. వలలు కట్టక తప్పదు. అన్నిటికంటే ముఖ్యమైనది, అది పుట్టిన ఊళ్లోనే దానికి వేడి ఎక్కువ. ఫ్రైబుర్గ్ ఉన్న బాడెన్ జర్మనీలో వెచ్చటి ప్రాంతం. అక్కడ సొలారిస్‌లో చక్కెర మితిమీరుతుంది. అందుకే చాలావరకు తీపి వైన్‌కో, సగం పులిసినప్పుడే తాగే ఫెడర్‌వైసర్‌కో వాడతారు. పుట్టిన చోటు నుంచి ఎనిమిది డిగ్రీలు ఉత్తరానికి వెళ్లాకే అది మంచి పొడి వైన్, అంటే తీపి మిగలని వైన్, ద్రాక్షగా పేరు తెచ్చుకుంది. 48వ అక్షాంశం మీదే వేడి ఎక్కువైన తీగను 17వ అక్షాంశం మీద నాటడం గురించి ఇక చెప్పాల్సింది ఏమీ లేదు.

ద్రాక్ష అంటేనే ఉష్ణమండలానికి పనికిరాదని మాత్రం అనుకోకూడదు. తమిళనాడులోని కంబం లోయ మనకంటే దక్షిణాన ఉంది. అక్కడ పన్నీర్ ద్రాక్ష ఏడాది పొడుగునా కోతకొస్తుంది. 2023లో దానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అది తినే ద్రాక్ష, కనుమల నీడన కొంత ఎత్తులో పండేది. పేరు చూసి, ఫోటో చూసి నర్సరీలో విదేశీ తీగ కొనేముందు అడగాల్సిన ప్రశ్నలు ఇక్కడి నుంచే వస్తాయి: ఈ తీగ ఏ ఊళ్లో కాసింది, ఏ నెలలో కత్తిరిస్తే కాసింది, ఆ నెలలో అక్కడ వాన ఉంటుందా? కొబ్బరి మొక్క కొనేటప్పుడు తల్లి చెట్టు ఏ తోటదని అడిగే రైతుకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

ఎవరైనా శాస్త్రవేత్త డెల్టా కోసమే ఒక ద్రాక్షను తీయాలనుకుంటే, అడగాల్సిన గుణాలు చాలావరకు సొలారిస్‌కు ఎదురుగా ఉంటాయి. వేడి రాత్రుల్లోనూ పులుపు నిలుపుకోవాలి. కాబట్టి మాలిక్ కంటే చింతపండు పులుపు ఎక్కువ ఉన్న కాయ కావాలి. నిదానంగా పండాలి. తుఫాను రోజులు దాటాక, డిసెంబరు చివర్లో కత్తిరించినా మే ఎండలు ముదిరేలోపు కాపు ముగించాలి. వేసవి జల్లు పడితే కాయ పగలకుండా తొక్క మందంగా ఉండాలి. నీళ్లు నిలిచే బరువు నేలలో వేరు కుళ్లని మొదలు మీద అంటు కట్టాలి. బూజు తెగులును తట్టుకోవాలి. ఈ జాబితాలో సొలారిస్ ఇవ్వగలిగింది ఒక్కటే, అమూర్ లోయ నుంచి తెచ్చుకున్న ఆ బూజు తెగులు జన్యువు.